కంప్యూటర్ దుకాణంలో కొలువు

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీట్ల కేటాయింపు పత్రాలు చేతికి వచ్చే రోజుల్లో రాజమహేంద్రవరంలోని కంప్యూటర్ దుకాణాలకు పెళ్ళిళ్ళ కాలంలో బట్టల కొట్లకు వచ్చినంత సందడి వస్తుంది. మండపేట, రావులపాలెం, కొవ్వూరు, నిడదవోలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే దిగుతాయి. తండ్రి జేబులో డబ్బు, తల్లి చేతిలో కాలేజీ వారిచ్చిన కాగితం, కొడుకు చేతిలో ఫోను. ఆ ఫోనులో అతడు అప్పటికే పది వీడియోలు చూసి ఉంటాడు. లోపలికి అడుగు పెట్టగానే ఒక కంపెనీ గుర్తు ఉన్న చొక్కా తొడుక్కున్న యువకుడు చిరునవ్వుతో ఎదురు వస్తాడు. "రండి అంకుల్, ఏ బ్రాంచి వచ్చింది బాబుకి?" అని అడుగుతాడు.

ఆ యువకుడు దుకాణదారు మనిషి అని ఆ కుటుంబం అనుకుంటుంది. నిజానికి అతడు దుకాణదారు మనిషి కాడు. అతని చొక్కా మీద పేరున్న కంపెనీ ఉద్యోగి కూడా కాడు. అతని జీతం మూడో సంస్థ ఒకటి ఇస్తుంది, దాని కార్యాలయం ఏ హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటుంది. అతడు ఎవరి మేలు కోరి మాట్లాడుతున్నాడన్న ప్రశ్న కొనేవారికి ఎంత ముఖ్యమో, ఆ కొలువులో చేరబోయే మన పిల్లలకూ అంతే ముఖ్యం. ఆ చొక్కా నేను కొన్నేళ్ళు తొడిగాను. అంతకు ముందు కంప్యూటర్లు బిగించాను, ఇప్పుడు ఒక చిన్న దుకాణం నడుపుతున్నాను. మసీదులో నమాజు తర్వాత "మా వాడికి ఫలానా కంపెనీలో ప్రమోటరు పని వచ్చింది, పంపమంటావా భాయ్?" అని అడిగే పెద్దలకు నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఈ వ్యాసం రాస్తున్నాను.

డెల్టాకు కంప్యూటరు వచ్చిన దారి

మన ప్రాంతానికీ కంప్యూటరుకూ ఉన్న సంబంధం అమ్మకంతో మొదలు కాలేదు, తయారీతో మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థను నెలకొల్పిన శాస్త్రవేత్త. దేశీయంగా రూపొందిన టీడీసీ శ్రేణి కంప్యూటర్లను ఆ సంస్థే తయారు చేసింది. హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరిట వెలసినదే. కానీ ఆ యంత్రాలు పరిశోధనశాలలకూ పెద్ద సంస్థలకూ వెళ్ళాయి. మోగల్లుకు కూతవేటు దూరంలో ఉన్న భీమవరంలోని సామాన్య గృహస్థుడు కంప్యూటరును కళ్ళారా చూడడానికి మరో పాతికేళ్ళు పట్టింది.

1984లో కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతులను సడలించింది. ఆ తర్వాతనే చిన్న పట్టణాలకు ఈ యంత్రం చేరే వీలు కలిగింది. మా ఊళ్ళో దాన్ని మొదట ఆదరించినది ముద్రణ రంగం. రాజమండ్రి పంచాంగాలకూ, భక్తి గ్రంథాలకూ, బడి పుస్తకాలకూ పేరుపడ్డ ప్రచురణ కేంద్రం. సీసపు అక్షరాలు పేర్చే చోట డీటీపీ కంప్యూటర్లు వెలిశాయి. అను ఫాంట్లు, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో తెలుగు అక్షరం తెర మీదికి ఎక్కింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు పుణ్యమా అని మన ఇళ్ళ శుభలేఖల మీద ఉర్దూ నస్తాలీఖు లిపిని కాతిబు చేతితో రాయించుకోవలసిన అవసరం తీరింది. 1998 చివర రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో 'కార్డ్' పథకం కింద దస్తావేజులు కంప్యూటరు మీదికి వచ్చాయి. 2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో మహిళా స్వయం సహాయక బృందాలు నడిపే ఈ-సేవ కేంద్రాలు మండలాలకు చేరాయి. ఇలా ఒక్కో అడుగు పడినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ యంత్రాన్ని అమ్మాలి, బిగించాలి, ఉరుములకు మదర్‌బోర్డు కాలిపోతే మార్చాలి. మా తరం కుర్రాళ్ళకు పని అక్కడ దొరికింది.

నేను చేరినప్పుడు బ్రాండు కంప్యూటరు అంటే బ్యాంకులకూ ప్రభుత్వ కార్యాలయాలకూ వెళ్ళే వస్తువు. ఇళ్ళకూ డీటీపీ కేంద్రాలకూ వెళ్ళేది మేము బిగించి ఇచ్చేదే. ఆర్డర్లు కాగితం మీద రాసుకుని రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి సికిందరాబాదులో దిగేవాళ్ళం. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు తలుపులు తెరిచే దాకా బయట టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. ప్రాసెసర్లు, ర్యామ్‌లు, హార్డ్ డిస్కులు కొని, డిస్కులను తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని మళ్ళీ రాత్రి బండికి తిరిగి వచ్చేవాళ్ళం. ఒక డిస్కు కింద పడితే ఆ నెల లాభం పోయినట్లే.

ఆ రోజుల్లోనే మార్కెటింగ్ అంటే ఏమిటో మొదటిసారి అర్థమైంది. ప్రాసెసరు కంప్యూటరు లోపల ఉంటుంది, కొనేవాడు దాన్ని జన్మలో చూడడు. అయినా ఆలమూరు నుంచి వచ్చిన రైతు కూడా "ఇంటెల్ది వెయ్యండి బాబూ" అనేవాడు. ఆ సంస్థ 1991లో 'ఇంటెల్ ఇన్‌సైడ్' ప్రచారం మొదలుపెట్టి, తన గుర్తు వేసుకున్న కంప్యూటరు తయారీదారుల ప్రకటన ఖర్చులో కొంత భాగం తానే భరించింది. కనబడని వస్తువుకు పేరు తెచ్చిపెట్టిన ఉపాయం అది. పేరు వచ్చిన చోటికి దొంగ కూడా వస్తాడు. తక్కువ వేగపు ప్రాసెసరు మీది అంకెలు చెరిపి ఎక్కువ వేగం ముద్రించిన సరుకు ఆ కాలంలో బజారులో తిరిగేది. పెట్టెలో, హోలోగ్రామ్ అంటించి, మూడేళ్ళ వారంటీతో వచ్చే ప్రాసెసరుకూ ట్రేలో విడిగా వచ్చేదానికీ ధరలో తేడా ఉండేది. చవకదే వేయమని కొనేవాడు ఒత్తిడి చేస్తాడు, వేసి ఇస్తే రేపు మనల్నే తిడతాడు. ఏ సరుకు వేశామో బిల్లు మీద స్పష్టంగా రాసి ఇవ్వడం ఒక్కటే మాకు తెలిసిన రక్షణ. అందరూ రాసేవారు కాదు.

సరుకు నడిచే తీరు

సమాచార సాంకేతిక వస్తువుల ఒప్పందంపై భారతదేశం 1997లో సంతకం చేసింది. ఆ ప్రకారం 2005 నాటికి కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం తొలగిపోయింది. అదే కాలంలో హెచ్‌పీలో కాంపాక్ కలిసింది (2002), ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ వ్యాపారాన్ని లెనోవోకు ఇచ్చివేసింది (2005). ల్యాప్‌టాప్ ధర దిగివచ్చింది. బిగించే వాళ్ళ అవసరం తగ్గింది, అమ్మే వాళ్ళ అవసరం పెరిగింది. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నేను కంపెనీ చొక్కా తొడిగినది అప్పుడే.

ఇక్కడ సరుకు నడిచే దారి చెప్పాలి. అది తెలియకపోతే తక్కినవేవీ అర్థం కావు. కంపెనీ తన సరుకును దేశవ్యాప్త పంపిణీదారుకు అమ్ముతుంది. పంపిణీదారు ఊరి డీలరుకు ఇస్తాడు. డీలరు మనకు అమ్ముతాడు. పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ ధర ఒకటి. కంపెనీ డీలర్లందరికీ చెప్పే 'బజారు ధర' మరొకటి. దుకాణంలో బేరం ఈ రెండో ధర చుట్టూ తిరుగుతుంది. బిల్లు మీద డీలరుకు మిగిలేది చాలా స్వల్పం. అసలు ఆదాయం నెలాఖరున, మూడు నెలలకోసారి, లక్ష్యం చేరితే కంపెనీ ఇచ్చే క్రెడిట్ నోటులో ఉంటుంది. నలభై పెట్టెలు లక్ష్యమైతే ముప్పై తొమ్మిదో పెట్టె దగ్గర ఆగిన డీలరుకు నెలంతా చేసినది వృథా అయినట్టే. అందుకే నెల చివరి రెండు రోజుల్లో బేరానికి వెళ్ళినవాడికి కొన్నిసార్లు అనుకోని తగ్గింపు దొరుకుతుంది. కొన్నిసార్లు అతనికి అవసరం లేని మోడలు కూడా అంటగట్టబడుతుంది. రెండూ ఒకే కారణం వల్ల జరుగుతాయి.

కంపెనీ లెక్కలో డీలరు గోదాములోకి దించిన సరుకు ఒక అమ్మకం, గోదాము నుంచి ఇంటికి వెళ్ళినది మరో అమ్మకం. ప్రమోటరు బాధ్యత రెండోది. ప్రతి పెట్టె సీరియల్ నంబరును అతడు ఆ రాత్రికే పంపాలి. వాట్సాప్ గుంపులో జిల్లాలోని ప్రమోటర్లందరి అంకెలూ ఒకదాని కింద ఒకటి వరుసగా పడతాయి. కాకినాడ ఐదు, భీమవరం మూడు, రాజమండ్రి సున్న. ఆ సున్న చూసి వచ్చే ఫోను భోజనం చేయనివ్వదు. కంపెనీ నుంచి పెట్టెకు ఇంత అని ప్రోత్సాహకం వస్తుంది. అది అన్ని మోడళ్ళకూ సమానంగా ఉండదు. నిలిచిపోయిన మోడలుకు ఎక్కువ, వాటంతటవే అమ్ముడుపోయే వాటికి తక్కువ. "ఇది తీసుకోండి అంకుల్, ఇదే బాగుంటుంది" అన్న మాట వెనుక ఆ పట్టిక ఉండవచ్చు. అన్నిసార్లూ ఉంటుందని నేను అనను. కుర్రవాడు మంచివాడై, పిల్లవాడి అవసరం తెలుసుకుని చెప్పిన సందర్భాలు కూడా నేను చాలా చూశాను.

ధరల ఎగుడుదిగుళ్ళు ఈ వ్యాపారానికి మన గోదావరి వరదల వంటివి. 2011లో థాయిలాండులో వరదలు వచ్చి హార్డ్ డిస్కు కర్మాగారాలు మునిగితే ఇక్కడ రాజమండ్రిలో డిస్కు ధర చూస్తుండగానే పెరిగింది. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూతపడి పాఠాలు ఇంటికి వచ్చినప్పుడు పాత ల్యాప్‌టాపులకు కూడా గిరాకీ ఏర్పడింది. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్ దిగుమతులకు అనుమతి తప్పనిసరి అని ప్రకటన వెలువడిన రోజు డీలర్ల ఫోన్లు ఆగలేదు, ఆ తర్వాత నిబంధన సడలింది. ఇటీవల కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలు మెమొరీ చిప్‌లను పెద్ద ఎత్తున తీసుకోవడంతో ర్యామ్ ధరలు ఎగబాకాయి. మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో తన 'క్రూషియల్' వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. సరుకు నిలవ ఉన్నవాడు లాభపడతాడు, ముందే పాత ధరకు మాట ఇచ్చినవాడు నష్టపోతాడు. ఇచ్చిన మాట నిలుపుకుని నష్టపోయిన ఇద్దరు దుకాణదారులు నాకు తెలుసు. ఇద్దరూ ఇప్పటికీ దుకాణాలు నడుపుతూనే ఉన్నారు.

నేను చేసిన ఒక అమ్మకం

దీన్ని రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ప్రమోటరుగా ఉన్న రెండో ఏడు. నెలాఖరు. లక్ష్యానికి ఒక్క పెట్టె తక్కువ. కోనసీమలోని ఒక పల్లె నుంచి బడిపంతులు ఒకాయన కూతురితో వచ్చారు. ఆ అమ్మాయికి కాకినాడలో సీటు వచ్చింది. వారు అడిగిన మోడలు కొత్త పెట్టె లేదు. నెలల తరబడి బల్ల మీద ప్రదర్శనకు పెట్టి ఉంచినది మాత్రం ఉంది. దాన్ని తుడిచి, ఫార్మాట్ చేసి, దాచి ఉంచిన అసలు పెట్టెలో పెట్టి, టేపు అంటించాను. దుకాణంలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడలేదు.

"కొత్తదేనా బాబూ?" అని ఆయన అడిగారు.

"కొత్తదేనండి మాస్టారూ" అన్నాను.

అయిదో నెలలో ఆయన ఒక్కరే వచ్చారు. ప్రదర్శన యంత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా చార్జింగు మీదనే ఉంటుంది కనుక బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. సర్వీసు కేంద్రంలో సీరియల్ నంబరు కొట్టి చూస్తే వారంటీ ఆయన కొన్న తేదీకి ఎన్నో నెలల ముందే మొదలైనట్టు కనబడింది. ఆయన కేకలు వేయలేదు. బిల్లు బల్ల మీద పెట్టి "నువ్వు కొత్తదన్నావు బాబూ" అన్నారు, అంతే. యజమాని తనకు సంబంధం లేదన్నాడు. కంపెనీ తరఫు అధికారి ఫోను ఎత్తలేదు. నేను నా జీతంలోంచి బ్యాటరీ కొని, ఆదివారం బస్సులో రావులపాలెం మీదుగా వాళ్ళ ఊరు వెళ్ళి బిగించి వచ్చాను. టీ ఇచ్చారు. నేను బయలుదేరుతుంటే ఆయన అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు: "ఆ రోజే ఇది చూపుడు పీసు, రెండు వేలు తగ్గిస్తాను అని చెప్పి ఉంటే సంతోషంగా తీసుకుని వెళ్ళేవాణ్ణి గదా."

నిజమే. ఆయన తీసుకునేవారు. నా లక్ష్యం కూడా చేరేది. అబద్ధం వల్ల నాకు ఒక్క పెట్టె కూడా అదనంగా అమ్ముడుపోలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగిలినప్పుడు వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మన పిల్లలందరికీ తెలిసినదే. తడిసిన ధాన్యం అమ్మడాన్ని అక్కడ ఎవరూ తప్పు పట్టలేదన్న సంగతి నాకు ఆ బస్సు ప్రయాణంలో తట్టింది. తడిసినది పైన, కొనేవాడికి కనబడేలా ఉండాలి, అంతే. బల్ల మీద ఉంచిన యంత్రాన్ని కూడా అమ్మవచ్చు. పెట్టెకు టేపు అంటించిన చోట నేను దారి తప్పాను.

కొలతలు, వాయిదాలు

కొన్నిసార్లు దోషం లేని చోట కూడా అనుమానం పుడుతుంది. 512 జీబీ అని చెప్పి అమ్మిన డిస్కు ఇంటికి వెళ్ళాక విండోస్‌లో 476 అని కనబడుతుంది. ఒక టెరాబైటు అన్నది 931 అని కనబడుతుంది. "తూకంలో కోత పెట్టారు" అని దెబ్బలాటకు వచ్చినవాళ్ళు ఉన్నారు. ఇందులో మోసం లేదు. డిస్కు తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కించి అదే పేరు పెడుతుంది. మానికకూ లీటరుకూ ఉన్న తేడా వంటిదే. ఈ మాట అమ్మే ముందే చెబితే అది సమాచారం, గొడవ వచ్చాక చెబితే సాకులా వినబడుతుంది. నేను ప్రతి ఒక్కరికీ ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాను. చాలామంది నవ్వి ఊరుకుంటారు.

అసలు మోసానికి తావు ఉన్నది 'ఐ5', 'ఐ7' అన్న పేర్లలో. ఐ7 అన్నంత మాత్రాన అది ఐ5 కన్నా మేలైనది కానక్కరలేదు. ఏ తరానిదో చూడాలి. నగరాల్లోని పెద్ద కార్యాలయాలు వాడి వదిలేసిన ల్యాప్‌టాపులు లాట్లు లాట్లుగా మన ఊళ్ళకు వస్తాయి. వాటిలో మంచి యంత్రాలు ఉన్నాయి, పేద విద్యార్థికి అవి నిజంగా ఉపకారమే. అయితే ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా వర్తించదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆరో తరం యంత్రాన్ని 'ఐ7, సూపర్ కండిషన్' అని అమ్మేవాడు ఈ మాట చెబుతున్నాడా లేదా అని చూడండి. లినక్స్ వేసుకుని వాడుకునే పిల్లవాడికి ఆ యంత్రం ఇంకా పనికివస్తుంది, అందరికీ పనికిరాదు. వాడిన యంత్రం కొనేటప్పుడు బ్యాటరీ నివేదిక తీయమని అడగండి. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండే సామర్థ్యం, రెండు అంకెలూ అందులో ఉంటాయి. ఆ నివేదిక విండోస్‌లోనే వస్తుంది, వేరే సాధనం అక్కరలేదు. కొత్తది కొన్నా సరే, డబ్బు కట్టక ముందే సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో చూసి వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో కనుక్కోండి. ఆ మాస్టారికి ఇది తెలిసి ఉంటే నా ఆట సాగేది కాదు.

ఇక వాయిదాల సంగతి. మన ఇళ్ళల్లో ఎక్కువ మంది నన్ను అడిగే ప్రశ్న ఇదే: "వడ్డీ లేదంటున్నారు కదా, తీసుకోవచ్చునా?" ధర్మసంబంధమైన తీర్పు ఇవ్వడం నా పని కాదు, అది ఆలిములు చెప్పాలి. కాగితం మీద ఏముందో మాత్రం చెప్పగలను. అరవై వేల యంత్రాన్ని ఆరు నెలలు పదివేల చొప్పున కట్టమన్నారనుకోండి. ఫైనాన్సు సంస్థ దుకాణదారుకు అరవై వేలు పూర్తిగా ఇవ్వదు, కొంత కోసి ఇస్తుంది. ఆ కోత దాని వడ్డీ. దాన్ని కంపెనీయో డీలరో భరిస్తారు. క్రెడిట్ కార్డు మీద అయితే చాలా సందర్భాల్లో బ్యాంకు కొనేవాని పేరునే వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపుతారు. పైగా ఆ వడ్డీ మీద జీఎస్‌టీ, ప్రాసెసింగు రుసుము కొనేవాడు కట్టుకోవాలి. ఒక్క వాయిదా తప్పితే జరిమానా మొదలవుతుంది. 'సున్నా శాతం వడ్డీ' అన్న పేరుతో అసలు వడ్డీని మరుగుపరచే పథకాలు తగవని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత పేరు మారి 'నో కాస్ట్' అయింది.

దీని నుంచి మనకు కలిగే లౌకికమైన ప్రయోజనం ఒకటి ఉంది. వాయిదా కొనుగోలులో ఎవరో ఒకరు ఆ కోతను భరించగలుగుతున్నారంటే, నగదు ఇచ్చేవాడికి అంత తగ్గించే వీలు ఎక్కడో ఉన్నట్టే. "ఫైనాన్సు తీసుకోను, ఆ మేరకు ధర తగ్గించండి" అని మర్యాదగా అడగండి. అన్నిసార్లూ దొరకదు, అడగనివారికి మాత్రం ఎప్పుడూ దొరకదు. నగదు లేనివారు ఆరు నెలలు ఆగి పోగుచేసుకోవడమో, బంధువుల దగ్గర కర్జె హసనా తీసుకోవడమో మన పెద్దలు చూపిన దారి. మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ విద్యార్థికి ల్యాప్‌టాప్ చేరిన రోజే ఉండి తీరాలన్న నియమం ఏదీ నేను చూడలేదు. కాలేజీ ల్యాబు ఉంటుంది.

ఈ వాయిదాలతో ప్రమోటరుకు మరో చిక్కు ఉంది. ఎన్ని పెట్టెలు ఫైనాన్సు మీద వెళ్ళాయన్నది కూడా చాలా చోట్ల లక్ష్యమే. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుర్రవాడు ఉద్యోగంలో చేరాక కౌంటరు దగ్గర నిలబడి ఈ సంగతి తెలుసుకుంటాడు. నేను ఆ కాగితాలు నింపకుండా తప్పించుకోలేకపోయాను. ఫైనాన్సు మనిషి పక్క బల్ల దగ్గరే ఉంటే "ఆ వివరాలు ఆయన్ను అడగండి" అని పంపేవాణ్ణి. అది చాలునా, చాలదా అన్నది నా మనసును ఇంకా తొలుస్తూనే ఉంది. చేరే ముందే ఆ పని తన విధుల్లో ఉందో లేదో అడిగి తెలుసుకోవడం మంచిదని నా అనుభవం.

గల్ఫ్ నుంచి వచ్చే పెట్టె

కోనసీమ నుంచి, రెండు గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయి, సౌదీ వెళ్ళినవారు సెలవుకు వస్తూ ల్యాప్‌టాప్ తేవడం మామూలే. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అక్కడి ధర ఒక్కోసారి నిజంగా తక్కువ. అయితే కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు ఉంటాయి, చార్జరు పిన్ను మన ప్లగ్గుకు సరిపడదు. ఇవి చిన్నవి. వారంటీ పెద్దది. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్ళకు మాత్రమే అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి, కొన్నింటికి కొన్న దేశంలోనే చెల్లుతుంది. తెర పగిలి, మా దుకాణానికి తెచ్చి, "దుబాయి బిల్లు ఉంది భాయ్, ఫ్రీగా వేయించు" అన్న తమ్ముడికి చెల్లదని చెప్పవలసి వచ్చింది. అసలు పగిలిన తెరకు మామూలు వారంటీ ఎక్కడ కొన్నా వర్తించదు, ప్రమాద రక్షణ వేరే కొనుక్కోవాలి. తెచ్చేవారు కొనే ముందే ఆ మోడలు నంబరుకు భారతదేశంలో సేవ ఉందా అని అక్కడి దుకాణంలో రాయించుకుంటే మేలు. మరొకటి, మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, తీరం వైపు ఉప్పు కూడా. వానాకాలంలో యంత్రాన్ని వారాల తరబడి బీరువాలో మూసి ఉంచకండి. పిల్లవాడు హాస్టలు నుంచి రాలేదని మూడు నెలలు బట్టల మధ్య దాచిన ల్యాప్‌టాపులో తుప్పు పట్టిన పోర్టులను నేను గీరి శుభ్రం చేశాను.

సరుకులో లోపం ఉండి దుకాణదారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉంది. దానికీ పని కాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. బిల్లు లేకుండా జీఎస్‌టీ మిగులుతుందని కొన్నవారికి ఈ తలుపులు తట్టడం బహు కష్టం. కంప్యూటరు మీద 18 శాతం పన్ను ఉన్నందున 'బిల్లు వద్దంటే ఇంత తగ్గిస్తాం' అన్న ఆశ పెద్దగానే కనబడుతుంది.

ఇక ఆ మసీదు పెద్దల ప్రశ్న. పిల్లవాణ్ణి పంపాలా? పంపవచ్చు. ఈ కొలువులో మనుషులతో మాట్లాడడం వస్తుంది, సరుకు తెలుస్తుంది, బజారు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. నా దుకాణానికి పునాది అక్కడ పడింది. కానీ కాలేజీల సీజనుకు పది మందిని తీసుకుని దీపావళి దాటాక ఆరుగురిని మానిపించడం ఈ రంగంలో వింత కాదు. రోజంతా నిలబడాలి. జుమా నమాజుకు వెళ్ళిరావడం గురించి దుకాణదారుతో మొదటి రోజే మాట్లాడుకోవాలి, చాలామంది అభ్యంతరం చెప్పరు. పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా, నియామక పత్రం మీద యజమాని పేరు ఎవరిది, ప్రోత్సాహకం జీతంతో పాటు వస్తుందా లేక 'తర్వాత' వస్తుందా, ఇవి అడిగితే కోపగించుకునే చోట చేరకపోవడం మంచిది. పనిలో ఉంటూనే చిప్ స్థాయి మరమ్మతు గాని, నెట్‌వర్కింగు గాని, సీసీ కెమెరాల బిగింపు గాని నేర్చుకున్నవాడు చొక్కా పోయిన రోజున బెదిరిపోడు. నాతో పాటు ఆ చొక్కా తొడిగినవారిలో ఒకరు ఇప్పుడు తణుకులో కెమెరాలు బిగిస్తున్నారు, మరొకరు రియాద్‌లో అదే బ్రాండు దుకాణంలో మేనేజరు, ఇంకొకరు ఈ రంగమే వదిలి కొబ్బరి వ్యాపారంలోకి వెళ్ళారు.

మా అక్క కొడుకు పోయిన ఏడు కాలేజీల సీజనులో ప్రమోటరుగా చేశాడు. దీపావళి తర్వాత మానిపించారు. ఆఖరి నెల ప్రోత్సాహకం ఇంకా రాలేదు. మొన్న అదే సంస్థ నుంచి మళ్ళీ ఫోను వచ్చిందట. "మామూ, వెళ్ళనా?" అని అడిగాడు. పాత బాకీ ఎంతో, ఎప్పుడు ఇస్తారో ముందు రాతపూర్వకంగా అడగమన్నాను. అడిగాడు. జవాబు కోసం చూస్తున్నాం.